ఐసీయూలో మత్తు ఆపినా కళ్లు తెరవడం లేదా? ఉద్దానం కిడ్నీ బాధితుల కుటుంబాలు తెలుసుకోవాల్సిన విషయాలివే..

వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి మత్తు మందు ఆపేశారు. ఒక రోజు గడిచింది, రెండో రోజూ అయింది. పిలిస్తే పలకడం లేదు, కళ్లు తెరవడం లేదు. ఐసీయూ బయట కూర్చున్న ఇంటివాళ్లకు అప్పుడు వచ్చే అనుమానం ఒక్కటే.. ఇక లాభం లేదేమో! కానీ పలాస, టెక్కలి, ఉద్దానం తీరం నుంచి పెద్దాసుపత్రులకు వెళ్లే రోగుల విషయంలో ఆ మాట అనుకునే ముందు ఇంకో ప్రశ్న అడగాలి. ఈ మనిషి కిడ్నీలు ఎలా ఉన్నాయి?

ఎందుకంటే ఐసీయూలో వాడే కొన్ని మత్తు మందులు, నొప్పి మందులు శరీరం నుంచి బయటకు పోవాలంటే కిడ్నీలు పనిచేయాలి. అవి దెబ్బతిన్న మనిషిలో మందు ఆపేసినా మత్తు ఆగదు. మామూలు మనిషికి గంటల్లో వచ్చే మెలకువ వీరికి రోజులు పట్టొచ్చు. ఈ తేడా తెలియకపోతే కోలుకునే అవకాశం ఉన్న మనిషిని కూడా ఇంటికి తీసుకెళ్లిపోయే ప్రమాదం ఉంది. అసలు ఐసీయూలో మత్తు ఎందుకిస్తారు? కిడ్నీ జబ్బు ఉంటే ఏం మారుతుంది? ఇంటివాళ్లు డాక్టర్‌కి ఏం చెప్పాలి? ఓసారి చూద్దాం.

ఉద్దానంలోనే ఈ చర్చ ఎందుకు?

శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా కనిపించే తీర ప్రాంతం ఉద్దానం. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు మనుషుల్ని పీడిస్తోంది. సాధారణంగా కిడ్నీలు పాడవడానికి షుగర్, బీపీ పెద్ద కారణాలు. ఇక్కడ మాత్రం ఆ రెండూ లేని రైతులు, కూలీలు కూడా మంచాన పడుతున్నారు. తాగునీరు, ఎండలో చాకిరీ, ఒంట్లో నీరు తగ్గిపోవడం, పురుగుమందులు, నొప్పి బిళ్లలు.. ఇలా ఎన్నో కోణాల్లో పరిశోధనలు జరిగాయి. ఇదే కారణం అని మాత్రం ఇప్పటికీ తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోని వరి రైతుల్లో, నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల్లోని చెరకు కూలీల్లో కూడా ఇలాంటి జబ్బే కనిపించింది.

2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల కిడ్నీ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, రీసెర్చ్ సెంటర్ ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయర్ నుంచి ఉద్దానానికి తాగునీరు ఇచ్చే రూ.700 కోట్ల పథకాన్ని కూడా అదే రోజు ప్రారంభించారు. డయాలసిస్ రోగులకు ప్రభుత్వం నెలకు రూ.10 వేల పింఛను ఇస్తోంది. అంటే కిడ్నీ జబ్బు గురించి ఇక్కడ అందరికీ తెలుసు. అయితే కిడ్నీ రోగికి కిడ్నీ జబ్బు ఒక్కటే రాదు కదా! నిమోనియా వస్తుంది, గుండెపోటు వస్తుంది. పొలంలో పాము కరుస్తుంది. 16వ నంబర్ జాతీయ రహదారిపై బండి ప్రమాదం జరుగుతుంది. అప్పుడు 108 ఎక్కించి టెక్కలికో, శ్రీకాకుళానికో, అక్కడి నుంచి విశాఖకో తీసుకెళ్తారు. ఇచ్ఛాపురం వైపు వాళ్లు ఒడిశాలోని బరంపురం కూడా వెళ్తుంటారు.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఊరు మారింది, ఆసుపత్రి మారింది, ఒక్కోసారి రాష్ట్రం కూడా మారింది. అక్కడి డ్యూటీ డాక్టర్ ముందున్నది ఊపిరాడని ఒక మనిషి. ముందు ప్రాణం నిలబెట్టాలి, ట్యూబ్ వేయాలి. ఈ మనిషి రెండేళ్లుగా కిడ్నీ మందులు వాడుతున్నాడన్న సంగతి ఆ కంగారులో ఎవరూ చెప్పకపోవచ్చు. పైగా ఉద్దానం తరహా జబ్బు చప్పుడు చేయకుండా ముదురుతుంది. మొదటి దశల్లో కాళ్ల వాపులు పెద్దగా ఉండవు, మూత్రంలో ప్రొటీన్ కూడా ఎక్కువగా పోదు. తనకు జబ్బు ఉందన్న సంగతి రోగికే తెలియకుండా ఐసీయూ దాకా వెళ్లిపోయే వీలుంది.

ఐసీయూలో మత్తు ఎందుకిస్తారు?

గొంతులోకి ట్యూబ్ వేసి మిషన్‌తో ఊపిరి ఆడించడం మామూలు బాధ కాదు. మెలకువగా ఉన్న మనిషి దగ్గుతాడు, ట్యూబ్ పీకేయబోతాడు, మిషన్ ఇచ్చే గాలికి ఎదురు ఊపిరి తీస్తాడు. భయం, నొప్పి, నిద్ర లేకపోవడం.. అన్నీ కలిసి గుండె మీద భారం పెంచుతాయి. అందుకే మత్తు ఇస్తారు.

ఇక్కడ చాలామంది కలిపేసే రెండు విషయాలున్నాయి. నొప్పి తగ్గించే మందు వేరు, నిద్రపుచ్చే మందు వేరు. ఒంటి నిండా నొప్పి ఉన్న మనిషిని నిద్ర మందుతో పడుకోబెడితే నొప్పి పోదు. చెప్పుకునే శక్తి మాత్రమే పోతుంది. అమెరికా క్రిటికల్ కేర్ వైద్యుల సంఘం 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ క్రమాన్నే సూచిస్తాయి. ముందు నొప్పి ఉందేమో చూడాలి, దానికి మందు ఇవ్వాలి. ఆ తర్వాత కూడా అవసరమైతేనే మత్తు, అది కూడా వీలైనంత తేలికగా.

'బాగా నిద్రపుచ్చండి డాక్టర్ గారూ, పాపం బాధ తెలియకుండా ఉంటుంది' అని ఇంటివాళ్లు బతిమాలడం ఐసీయూల్లో మామూలే. ఆ ప్రేమ అర్థం చేసుకోదగ్గదే. కానీ అవసరానికి మించిన మత్తు విశ్రాంతి కాదు. మత్తు ఎంత లోతుగా ఉంటే వెంటిలేటర్ మీద అన్ని ఎక్కువ రోజులు గడుస్తాయి. కండరాలు కరిగిపోతాయి. మెలకువ వచ్చాక మాటల్లో పొంతన లేకపోవడం, ఎవరినీ గుర్తుపట్టకపోవడం లాంటి సమస్యలు వస్తాయి. దీన్నే డెలీరియం అంటారు. మిషన్‌తో గొడవ పడే తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు, ఆగని ఫిట్స్ లాంటి కొన్ని సందర్భాల్లో మాత్రం లోతైన మత్తు తప్పదు.

మత్తు ఎంత ఉందో కొలవడానికి ఐసీయూల్లో 'రాస్' అనే స్కేల్ వాడతారు. సున్నా అంటే మనిషి మెలకువగా, ప్రశాంతంగా ఉన్నట్టు. ప్లస్ 4 అంటే కొట్టబోయేంత అలజడి. మైనస్ 5 అంటే గిచ్చినా కదలనంత మత్తు. చాలామంది రోగులకు మైనస్ 2 నుంచి ప్లస్ 1 మధ్యలో ఉంచితే సరిపోతుంది. అంటే పిలిస్తే కాసేపు కళ్లు తెరిచి చూసేంత తేలిక మత్తన్నమాట. దీనికి మిషన్ అక్కర్లేదు, రక్త పరీక్ష అక్కర్లేదు. నర్సు మంచం పక్కన నిలబడి పేరు పెట్టి పిలిచి చూస్తే చాలు.

కిడ్నీలు పనిచేయకపోతే మందు ఎక్కడికి పోతుంది?

చెరువును తీసుకోండి. ఒక పక్క కాలువ నుంచి నీరు వస్తుంటుంది, ఇంకో పక్క తూము నుంచి పోతుంటుంది. తూము మూసుకుపోతే కాలువ నీరు కొంచెమే అయినా చెరువు నిండుతుంది. కాలువ కట్టేసినా నిండిన నీరు వెంటనే తగ్గదు. ఒంట్లో మందుల సంగతీ అంతే. సిరంజి పంపు నుంచి మందు నెమ్మదిగా ఎక్కుతుంటుంది. లివర్ దాన్ని ముక్కలు చేస్తుంది. ఆ ముక్కల్ని కిడ్నీ మూత్రంలో బయటకు పంపుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. లివర్ ముక్కలు చేసిన తర్వాత కూడా కొన్ని మందుల ముక్కలకు మత్తు గుణం పోదు. కిడ్నీ బాగుంటే వాటితో ఇబ్బంది లేదు, ఎప్పటికప్పుడు బయటకు పోతాయి. కిడ్నీ పాడైతే అవి రక్తంలోనే పేరుకుపోయి నిద్రపుచ్చుతూనే ఉంటాయి. అసలు మందు ఒంట్లో అయిపోయినా దాని ముక్కలు పనిచేస్తూనే ఉంటాయన్నమాట.

ఏ మందుతో ఏం జరుగుతుంది?

ఐసీయూల్లో ఎక్కువగా వాడే మందులు, కిడ్నీ జబ్బులో వాటి తీరు ఇలా ఉంటుంది.

మిడజోలం: చౌక, ఎక్కడైనా దొరుకుతుంది. బీపీ మరీ పడిపోకుండా పనిచేస్తుంది. అందుకే అత్యవసరంలో ఎక్కువగా వాడతారు. కిడ్నీ ఫెయిలైన వారిలో దీని ముక్కలు పేరుకుపోయి, మందు ఆపాక కూడా మత్తు సాగుతుందని 1995లోనే లాన్సెట్ మెడికల్ జర్నల్‌లో వైద్యులు రాశారు. ఒకటి రెండు డోసులతో పెద్ద చిక్కు ఉండదు. రోజుల తరబడి పంపులో నడిపితేనే సమస్య.

మార్ఫిన్: మంచి నొప్పి మందు. కానీ దీని ముక్కల్లో ఒకటి మార్ఫిన్‌లాగే పనిచేస్తుంది, అది పోయేది కిడ్నీ నుంచే. కిడ్నీ రోగుల్లో మత్తు ఎక్కువై ఊపిరి కూడా మందగిస్తుంది.

పెథిడిన్: దీని ముక్క పేరుకుపోతే మత్తు కాదు, ఫిట్స్ వస్తాయి. కిడ్నీ రోగులకు దీన్ని వాడకపోవడమే మేలని వైద్యులు చెబుతారు.

ఫెంటానిల్: దీన్ని లివర్ ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలకు మత్తు గుణం పెద్దగా ఉండదు. కిడ్నీ జబ్బులో మార్ఫిన్ కంటే దీనికే మొగ్గు చూపుతారు. అయినా చాలా రోజులు నడిపితే కొవ్వులో చేరి నెమ్మదిగా దిగుతుంది.

ప్రొపోఫాల్: పాలలా తెల్లగా ఉంటుంది. ఆపితే సాధారణంగా త్వరగా మెలకువ వస్తుంది, కిడ్నీ మీద ఆధారపడదు. బీపీ పడిపోవడం దీని ప్రధాన ఇబ్బంది.

డెక్స్‌మెడిటోమిడిన్: పిలిస్తే పలికేంత తేలిక మత్తు ఇస్తుంది. ఇదీ లివర్ దారిలోనే పోతుంది. గుండె వేగం తగ్గొచ్చు కాబట్టి మానిటర్ మీద కన్నేసి ఉంచాలి.

కండరాల్ని వదులు చేసే మందులు: ఇవి మత్తు ఇవ్వవు, కదలనివ్వవు. అంతే. అందుకే ముందు మత్తు ఇవ్వకుండా వీటిని ఇవ్వకూడదు. లేదంటే మనిషికి అన్నీ తెలుస్తుంటాయి, వేలు కూడా కదపలేడు. వెక్యురోనియం కిడ్నీ రోగుల్లో ఎక్కువసేపు నిలుస్తుంది. అట్రాక్యురియం, సిస్‌అట్రాక్యురియం ఒంటి వేడికి వాటంతటవే విడిపోతాయి కాబట్టి కిడ్నీతో పని లేదు. ట్యూబ్ వేసే ముందు ఇచ్చే సక్సినైల్‌కోలిన్ రక్తంలో పొటాషియంను పెంచుతుంది. డయాలసిస్ తప్పిపోయి పొటాషియం అప్పటికే ఎక్కువగా ఉన్న రోగికి ఇది గుండె మీదకు రావొచ్చు. 'చివరి డయాలసిస్ ఎప్పుడు?' అని డాక్టర్ అడిగేది అందుకే.

ఇందులో ఏదీ మంచి మందు, చెడ్డ మందు అని కాదు. ఎవరికి, ఎంత, ఎన్ని రోజులు అన్నదే లెక్క. కిడ్నీ సంగతి ముందే తెలిస్తే డాక్టర్ మందు మారుస్తారు, లేదా డోసు తగ్గిస్తారు.

డయాలసిస్ చేస్తే మత్తు దిగిపోతుందా?

చాలామంది ఇలాగే అనుకుంటారు. కానీ అన్ని మందులూ డయాలసిస్‌లో పోవు. రక్తంలోని ప్రొటీన్‌కు అతుక్కుని ఉండేవి, కొవ్వులో చేరేవి డయాలసిస్ మిషన్‌కు పెద్దగా అందవు. మిడజోలం, ఫెంటానిల్ ఈ కోవలోవే. గబాపెంటిన్ లాంటివి మాత్రం బాగానే పోతాయి. కొన్ని యాంటీబయాటిక్స్ కూడా డయాలసిస్‌లో పోతాయి కాబట్టి వాటిని డయాలసిస్ అయ్యాక ఇస్తారు. అంటే డయాలసిస్ టైమ్‌ను బట్టి మందుల టైమ్ మారుతుంది.

రోజూ ఒకసారి మత్తు ఆపి చూడటం ఎందుకు?

ఐసీయూ వైద్యంలో పెద్ద మార్పు తెచ్చిన పరిశోధన ఒకటుంది. 2000లో షికాగో యూనివర్సిటీ వైద్యులు వెంటిలేటర్ మీద ఉన్న 128 మందిపై చేసిన అధ్యయనం అది. ఒక గుంపులో రోజూ ఒకసారి మత్తు పంపు ఆపి, రోగి మేల్కొనే దాకా చూశారు. ఇంకో గుంపులో మామూలు పద్ధతి పాటించారు. రోజూ ఆపి చూసిన వారు సగటున 4.9 రోజుల్లో వెంటిలేటర్ నుంచి బయటపడ్డారు. మిగతావారికి 7.3 రోజులు పట్టింది. ఐసీయూలో ఉన్న రోజులు కూడా 9.9 నుంచి 6.4కి తగ్గాయి.

కొత్త మందు లేదు, కొత్త మిషన్ లేదు. మత్తు ఇంకా అవసరమా అని రోజూ అడగడమే తేడా. కిడ్నీ రోగికి ఇది మరీ ముఖ్యం. రోజూ చూస్తుంటే మందు పేరుకుపోతున్న సంగతి మొదట్లోనే తెలుస్తుంది. వారం తర్వాత చూస్తే అప్పటికే చెరువు నిండిపోయి ఉంటుంది.

అయితే రోజుల తరబడి నడిచిన మత్తును ఒక్కసారిగా పూర్తిగా తీసేయడం కూడా అందరికీ కుదరదు. చెమటలు, వణుకు, అలజడి రావొచ్చు. రోజూ మద్యం తాగే అలవాటున్నవారు, ఏళ్లుగా నిద్రమాత్రలు వాడేవారు అయితే ఇది ఇంకా ఎక్కువగా ఉంటుంది. ఆపడమా, సగానికి తగ్గించడమా అన్నది డాక్టర్ చూసి నిర్ణయిస్తారు.

కళ్లు తెరవలేదంటే అన్నింటికీ మత్తే కారణమా?

కాదు. ఇది కూడా అంతే గట్టిగా చెప్పుకోవాలి. కిడ్నీ రోగి మెలకువ రాకుండా ఉండటానికి కారణాలు చాలా ఉంటాయి. రక్తంలో యూరియా బాగా పెరిగినా మనిషి మగతలోకి వెళ్తాడు. సోడియం తగ్గినా, పెరిగినా అంతే. కిడ్నీలు పాడైతే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. గ్లిబెన్‌క్లమైడ్ లాంటి షుగర్ బిళ్లలు కూడా అంతే. దాంతో షుగర్ పడిపోయి స్పృహ తప్పొచ్చు. ఇన్‌ఫెక్షన్ ముదిరినా, మెదడులో రక్తస్రావం జరిగినా, పైకి కనిపించని ఫిట్స్ నడుస్తున్నా మనిషి కళ్లు తెరవడు.

అందుకే డాక్టర్లు షుగర్, సోడియం, యూరియా చూస్తారు. అవసరమైతే తలకు సీటీ స్కాన్, ఈఈజీ చేయిస్తారు. మందుల చార్ట్ కూడా ఈ పరీక్షల్లో ఒకటే. ఎంత మత్తు ఇచ్చారు, ఎప్పుడు ఆపారు, కిడ్నీ ఎంత పనిచేస్తోంది.. ఈ మూడూ కలిపి చూస్తేనే 'ఇంకా ఎన్ని రోజులు ఆగాలి' అన్నదానికి ఒక అంచనా వస్తుంది.

బ్రెయిన్ డెత్ నిర్ధారణలో కూడా ఇదే జాగ్రత్త ఉంటుంది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బోర్డు, కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరించాలి. ఆ పరీక్షలు మొదలుపెట్టే ముందే మత్తు మందుల ప్రభావం లేదని తేల్చుకోవాలి. ఇంత కట్టుదిట్టంగా చూసే చోట కూడా ముందు అడిగే ప్రశ్నల్లో మత్తు ఒకటి అంటే, దాని ప్రభావం ఎంతో అర్థం చేసుకోవచ్చు.

ఐసీయూకి ముందే మొదలయ్యే మత్తు

మత్తు అంటే ఐసీయూ ఇంజెక్షన్లే అనుకుంటే పొరపాటే. మందుల షాపులో, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర దొరికే మామూలు బిళ్లలు కూడా కిడ్నీ రోగిని స్పృహ తప్పేదాకా తీసుకెళ్తాయి. ముఖ్యంగా వీటితో జాగ్రత్త.

గబాపెంటిన్, ప్రీగాబలిన్: నరాల నొప్పికి, తిమ్మిర్లకు ఇచ్చే బిళ్లలు. ఇవి పోయే దారి కిడ్నీ ఒక్కటే. మామూలు డోసు కూడా కిడ్నీ రోగిలో మగత, తూలిపోవడం, ఒళ్లు అదరడం తెస్తుంది.

బాక్లోఫెన్: కండరాలు పట్టేస్తే, ఎక్కిళ్లు ఆగకపోతే ఇస్తారు. యూరియా పెరిగిన కిడ్నీ రోగులకు ఎక్కిళ్లు మామూలే. ఎక్కిళ్లకని ఇచ్చిన కొద్ది డోసులకే డయాలసిస్ రోగి స్పృహ కోల్పోయే ప్రమాదం ఉంది.

ట్రమడాల్: నొప్పి బిళ్ల. కిడ్నీ రోగిలో పేరుకుపోతే మగతతో పాటు ఫిట్స్ కూడా రావొచ్చు.

సెఫిపైమ్: ఇది మత్తు మందే కాదు, యాంటీబయాటిక్. కిడ్నీకి తగ్గట్టు డోసు తగ్గించకపోతే అయోమయం, ఫిట్స్ తెచ్చిపెడుతుంది.

ఇక డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి బిళ్లల సంగతి వేరు. ఇవి మత్తు ఇవ్వవు, కిడ్నీనే దెబ్బతీస్తాయి. కొబ్బరి చెట్లెక్కేవాళ్లు, జీడి పనికి వెళ్లేవాళ్లు, వలలు లాగేవాళ్లు.. పగలంతా ఒళ్లు హూనం చేసుకుని రాత్రికి ఒక బిళ్ల వేసుకుని పడుకోవడం, మర్నాడు మళ్లీ పనికి పోవడం. ఒంట్లో నీరు తగ్గిపోయి ఉన్నప్పుడు ఈ బిళ్లలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి. నొప్పికి పారాసిటమాల్ కిడ్నీ వరకు సురక్షితం. అదైనా డోసు మించకూడదు.

డాక్టర్‌కి ఇంటివాళ్లు చెప్పాల్సినవి ఇవే

ఐసీయూలో రోగి మాట్లాడలేడు. అతని ఒంటి చరిత్ర చెప్పగలిగేది తోడు వెళ్లినవాళ్లే. పెద్ద చదువు అక్కర్లేదు, ఈ విషయాలు చెప్తే చాలు.

• కిడ్నీ జబ్బు ఉందా? చివరిసారి చూసినప్పుడు క్రియాటినిన్ ఎంత? ఎప్పుడు చూశారు?
• డయాలసిస్ చేయించుకుంటున్నారా? వారానికి ఎన్నిసార్లు? చివరిసారి ఏ రోజు? ఏదైనా తప్పిపోయిందా?
• ఫిస్టులా ఏ చేతికి ఉంది? ఆ చేతికి బీపీ కట్టకూడదు, సూది గుచ్చకూడదు. ఇది చేరిన నిమిషంలోనే చెప్పాలి.
• గత వారంలో వాడిన మందులన్నీ. బిళ్లల పేర్లు తెలియకపోతే ఖాళీ అట్టలు, సీసాలు ఒక సంచిలో వేసి పట్టుకెళ్లాలి. ఆర్‌ఎంపీ ఇచ్చిన ఇంజెక్షన్లు, నాటు మందులు, పసరు కూడా దాచకూడదు.
• మద్యం, కల్లు, నిద్రమాత్రల అలవాటు. పరువు పోతుందని దీన్ని దాస్తే తర్వాత వచ్చే వణుకును, అలజడిని చూసి ఇంకా మత్తు పెంచాల్సి రావొచ్చు.
• కుటుంబంలో, వీధిలో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లున్నారా? రోగికి ఎప్పుడూ పరీక్ష చేయించకపోయినా, ఉద్దానం నుంచి వచ్చామన్న ఒక్క మాట విశాఖలోనో, బరంపురంలోనో డాక్టర్‌కి పనికొస్తుంది.

డాక్టర్‌ని అడగదగ్గవి కూడా కొన్ని ఉన్నాయి. ఈరోజు మత్తు తగ్గించి చూశారా? పిలిస్తే పలికారా? నొప్పికి ఏం ఇస్తున్నారు? కిడ్నీకి తగ్గట్టు డోసులు మార్చారా? తప్పు పట్టడానికి వచ్చినట్టు కాకుండా, రోజూ చూసేందుకు పిలిచినప్పుడు మర్యాదగా అడిగితే ఎవరూ విసుక్కోరు. ఇంకో సంగతి. లోపలికి పంపినప్పుడు రోగి చెవి దగ్గర పేరుతో పిలవండి. ఈరోజు ఏ వారమో, ఎక్కడున్నారో చెప్పండి. కళ్లజోడు, చెవి మిషన్ ఉంటే ఇవ్వండి. తెలిసిన గొంతు, పగలు వెలుతురు, రాత్రి చీకటి.. డెలీరియం తగ్గడానికి ఇవీ సాయపడతాయి.

ఇంటికి తీసుకెళ్లిపోదామా? ఆ నిర్ణయానికి ముందు

ఐసీయూ ఖర్చు రోజురోజుకీ పెరుగుతుంది. పనులు మానుకుని కూర్చున్న కొడుకులు, ఊళ్లో పిల్లలు, అప్పులు.. ఇవన్నీ నిజాలే. 'మనిషిలో చలనం లేదు, ఇంటి దగ్గరే పోనీ' అని సంతకం పెట్టి తీసుకెళ్లే కుటుంబాలను తప్పుపట్టలేం. కానీ ఆ సంతకానికి ముందు మూడు విషయాలు తేల్చుకోవాలి.

ఒకటి, మత్తు మందు ఎప్పుడు ఆపారు? కిడ్నీ పరిస్థితిని బట్టి అది దిగడానికి ఇంకా ఎంత టైమ్ పడుతుంది? రెండు, మెలకువ రాకపోవడానికి ఇంకో కారణం దొరికిందా? స్కాన్‌లో, రక్త పరీక్షల్లో ఏం తేలింది? మూడు, ఖర్చే కారణమైతే ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఎంతవరకు వస్తుంది, ప్రభుత్వ ఆసుపత్రికి మార్చే వీలుందా?

ఈ మూడింటికీ జవాబు వచ్చాక, జబ్బు చేయి దాటిపోయిందని డాక్టర్లు చెబితే అది వేరే సంగతి. కిడ్నీలు పూర్తిగా పోయి, ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకిన రోగుల్లో ఎంత చేసినా నిలవని వారూ ఉంటారు. అప్పుడు కూడా నొప్పి లేకుండా, ఆయాసం తెలియకుండా చూసుకోవడానికి మందులున్నాయి. కిడ్నీ రోగికి ఇంటి దగ్గర వాడాల్సిన మందు, డోసు ఏంటో రాయించుకునే బయల్దేరాలి. కానీ కేవలం 'రెండు రోజులైంది, లేవలేదు' అన్న ఒక్క కారణంతో ఆశ వదులుకోవడం కిడ్నీ రోగుల విషయంలో తొందరపాటే అవుతుంది.

ఒక్క కాగితం చాలు

ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు అసలు కారణం తేలడానికి ఇంకా టైమ్ పట్టొచ్చు. ఈలోగా ప్రతి ఇంట్లో చేయగలిగిన చిన్న పని ఒకటుంది. రోగి పేరు, క్రియాటినిన్ అంకె, దాని తేదీ, డయాలసిస్ రోజులు, ఫిస్టులా చేయి, వాడుతున్న మందులు, పడని మందులు ఒక కాగితం మీద రాసి ఆధార్, ఆరోగ్య కార్డుతో పాటు ఒకే కవర్లో పెట్టాలి. దాన్నే ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచాలి. రక్త పరీక్ష చేయించిన ప్రతిసారీ అంకె మార్చాలి. అర్ధరాత్రి 108 వచ్చినప్పుడు వెతుక్కునే పని ఉండదు. ఆ కాగితం చూసిన డాక్టర్ మొదటి ఇంజెక్షన్ నుంచే కిడ్నీకి తగ్గ మందు, తగ్గ డోసు ఎంచుకోగలుగుతారు.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఏ మందు అయినా మొదలుపెట్టడం, ఆపడం, డోసు మార్చడం డాక్టర్ సలహాతోనే చేయాలి.)